నలుగురు, నాలుగు సంచులు: బ్యాంకాక్ నుంచి సైగాన్ దాకా

చదువు ముగిశాక స్నేహితులతో విదేశీ యాత్ర అనుకుంటే ముందు మనుషుల్ని ఖాయం చేసుకోండి, దేశాలు తర్వాత. ఆఖరి సెమిస్టర్‌లో వాట్సాప్ గుంపు పెట్టగానే డజను మంది 'నేనూ వస్తా' అంటారు. టికెట్ డబ్బులు పంపమన్న రోజున ముగ్గురో నలుగురో తేలతారు. నొచ్చుకోకండి, ఆ వడపోత జరగాల్సిందే. నన్నడిగితే నలుగురికి మించకూడదు. ఒక ట్యాక్సీలో పడతారు, డార్మిటరీలో రెండు బంకు మంచాలు చాలు, ఇద్దరు అలిగితే సర్దిచెప్పడానికి ఇంకో ఇద్దరుంటారు. ఐదో మనిషి చేరితే ప్రతిచోటా రెండో ట్యాక్సీ.

మా నలుగురిలో లెక్కల పుస్తకం నా చేతిలో ఉండేది. అందుకే ఇప్పుడు తమ్ముడి స్నేహితులు, చెల్లెలి రూమ్మేట్లు ఎవరు బయల్దేరినా నాకే ఫోన్ చేస్తారు. వాళ్లకు నేను చెప్పే దారి ఒకటే: బ్యాంకాక్‌లో దిగి, ఉత్తర థాయ్‌లాండ్ మీదుగా లావోస్ చేరి, అక్కడి నుంచి వియత్నాం వెళ్లి, హో చి మిన్ నగరంలో విమానం ఎక్కడం. ఆ నగరాన్ని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు. యూరప్ వద్దా అని అడుగుతారు. అక్కడికి కావాల్సిన షెంగెన్ వీసా రుసుమే 90 యూరోలు. ఉద్యోగం, జీతం కాగితాలు లేని పిల్లలు నాన్నగారి బ్యాంకు పుస్తకం పట్టుకుని వరుసలో నిలబడాలి. జీతం వచ్చాక వెళ్లండి.

మన పరీక్షలు ముగిసేది మేలో. కంపెనీలు చేరమనేది ఎప్పుడో ఒకప్పుడు. చేతిలో ఉండేవి జూన్, జూలై నెలలు. వానాకాలమని చాలామంది భయపెడతారు కానీ ఆ వాన అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మధ్య వియత్నాంలో హ్యూ, డానాంగ్, హోయ్ ఆన్‌లకు జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండాకాలం. అక్కడ వరదలొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ వైపు ఆ రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటుంది. తూర్పున కో టావ్, కో సముయ్ వైపు చాలావరకు తెరిపిగా ఉంటుంది. చియాంగ్ మాయ్‌కైతే జూన్ ఎంతో నయం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఆ లోయ నిండా ఉంటుంది. లావోస్‌లో మాత్రం తడవక తప్పదు, కొండదారుల్లో జలగలుంటాయి. గదుల అద్దె తగ్గుతుంది, ఆ ధైర్యంతో వెళ్లండి.

మూడు దేశాలకు మించి పెట్టుకోవద్దు. కంబోడియా కూడా కలుపుదామని ఎవరో ఒకరు అంటారు. అక్కడి ప్రాచీన గుళ్ల సముదాయం ఆంగ్‌కోర్‌లో మూడు రోజుల టికెట్టే 62 డాలర్లు, దానికి తగ్గ తీరిక లేనప్పుడు అటు వెళ్లడం దండగ. పైగా 2025లో థాయ్, కంబోడియా సైన్యాల ఘర్షణలతో ఆ రెండింటి మధ్య భూమార్గాలు మూతపడ్డాయి. ఏ సరిహద్దునైనా వెళ్లే వారంలో తెరిచి ఉందా అని చూసుకున్నాకే బస్సు మాట్లాడుకోండి. గుళ్లు చూడాలని ఉంటే హోయ్ ఆన్ దగ్గర మీ సన్‌కు వెళ్లండి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి కట్టిన ఇటుక గుళ్లవి. వాటిలో కొన్నింటిని బాగుచేసింది మన భారత పురావస్తు శాఖే.

ఇక కాగితాలు. పాస్‌పోర్ట్‌కు తిరిగొచ్చే తేదీ దాటాక కూడా కనీసం ఆరు నెలల గడువుండాలి. కొత్తగా తీసుకునేవాళ్లు పదో తరగతి సర్టిఫికెట్ జతచేస్తే ఈసీఆర్ ముద్ర, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, బెడద ఉండదు. పోలీసు విచారణకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కాబట్టి హాస్టల్ చిరునామా ఇచ్చి ఊరికి వెళ్లిపోకండి.

తెలుగువాళ్లకు అసలు చిక్కు పేర్లతో వస్తుంది. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, కాలేజీ కార్డులో పేరు చివర. ఇవేవీ పట్టించుకోకండి. పాస్‌పోర్ట్‌లో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో గొలుసులా అక్షరాలు, బాణం ములుకుల్లాంటి గుర్తులు ఉంటాయి. మొదటి వరుసలో దేశం గుర్తు అయిన ఐఎన్‌డీ తర్వాత వచ్చేది ఇంటిపేరు. ఆ తర్వాత రెండు ములుకులు పక్కపక్కనే ఉంటాయి, వాటి తర్వాత మీ పేరు. వీసా దరఖాస్తులోనూ విమానం టికెట్‌లోనూ సరిగ్గా అలాగే, ఒక్క అక్షరం పోకుండా రాయాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు టికెట్ కొనేముందే విమాన సంస్థను అడగాలి. ఒక్కో సంస్థ ఒక్కో రకంగా రాయమంటుంది. ఒకరి దరఖాస్తు ఇంకొకరు సరిచూడండి, మన పేరులో తప్పు మన కంటికి ఆనదు.

వియత్నాం ఈ-వీసా ఒకసారి వెళ్లిరావడానికి 25 డాలర్లు. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. సైటు చిరునామా ప్రభుత్వ గుర్తుతో, అంటే గవ్.వీఎన్‌తో ముగియాలి. వెతికితే పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు, అదే పనికి రెండు మూడింతలు లాగుతారు. ఏ ద్వారం గుండా ప్రవేశిస్తారో కూడా అందులోనే రాయాలి. థాయ్‌లాండ్ 2024 జూలై నుంచి మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున రాయబార కార్యాలయం సైటు చూడండి. థాయ్‌లాండ్‌లో దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపే రాక వివరాల డిజిటల్ కార్డు ఉచితం, డబ్బు అడిగే సైటు నకిలీది. లావోస్‌కు పెద్ద సరిహద్దుల దగ్గర అప్పటికప్పుడు వీసా దొరుకుతుంది. మడత, మరక లేని డాలర్ నోట్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు దగ్గరుంచుకోండి.

ఇంట్లో ఒప్పించడం గురించి కూడా చెప్పాలి. మా అమ్మకు పులులూ పాములూ కాదు, టీవీ వార్తలు భయం. ఆ భయంలో న్యాయముంది. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి, మయన్మార్, కంబోడియా, లావోస్‌లలో సైబర్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్నవాళ్లలో మన రెండు రాష్ట్రాల కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. లావోస్ బొకేయో ప్రాంతంలోని గోల్డెన్ ట్రయాంగిల్ ఆర్థిక మండలం నుంచి మన రాయబార కార్యాలయం భారతీయులను విడిపించింది కూడా. మీ దారి ఆ బొకేయో మీదుగానే పోతుంది. దారిలో ఎవరైనా ఉద్యోగం, కమీషన్ అంటే మాట తుంచేయండి. మన విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి కాస్త ఎక్కువ ప్రశ్నలు వేసేదీ అందుకే. తిరుగు టికెట్, మొదటి రెండు మజిలీల బుకింగులు, బీమా పత్రం అచ్చు తీసి ఒక కవర్లో పెట్టుకుని నెమ్మదిగా జవాబివ్వండి. అదే కవర్ నకలు అమ్మానాన్నల దగ్గర ఉంచి, రోజూ ఫలానా వేళకు ఒక సందేశం పెడతామని మాటివ్వండి. ఆ మాట మాత్రం తప్పకండి.

డబ్బు విషయానికొస్తే, డార్మిటరీ మంచం, వీధి భోజనం, బస్సులు, రైళ్లు కలిపి మనిషికి రోజుకు 2,500 నుంచి 3,500 రూపాయలు వేసుకోవాలని నా లెక్క. విమానం, వీసాలు, బీమా దీనికి అదనం. విదేశీ మారకంపై అదనపు రుసుము లేని కార్డులు రెండు, రెండు వేర్వేరు బ్యాంకులవి, ఇద్దరి దగ్గర ఉండాలి. కార్డుకు అంతర్జాతీయ వాడకం మనంతట మనం తెరిపించుకోవాలి, బయల్దేరే ముందే యాప్‌లో చూసుకోండి. ఇక్కడి సిమ్ తీసేయొద్దు, ఓటీపీ దానికే వస్తుంది. థాయ్ ఏటీఎంలు బయటి కార్డుకు ఒక్కోసారికి 220 బాట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే కోస్తాయి. అందుకే తక్కువ సార్లు, ఎక్కువ మొత్తం తీయాలి. రూపాయల్లో చూపించమంటారా అని యంత్రం అడిగితే వద్దనండి, ఆ మర్యాదకు విడిగా వసూలు చేస్తుంది.

వియత్నాంలో నోట్లు జాగ్రత్త. ఇరవై వేల డాంగుల నోటూ నీలమే, ఐదు లక్షల నోటూ నీలమే, రెండూ ప్లాస్టిక్‌వే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. చీకట్లో ట్యాక్సీ దిగే తొందరలో ఒకటి అనుకుని ఇంకొకటి ఇచ్చేవాళ్లు కోకొల్లలు. ఐదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకుంటే సరి.

ఉమ్మడి ఖర్చుకు నేనొక జిప్పు సంచి పెట్టాను. సోమవారం అందరూ సమానంగా అందులో వేయాలి. గది, బండి, నీళ్లు, అందరూ కలిసి తిన్నవి దానిలోంచి. బీరు, మసాజ్, షాపింగ్ ఎవరి జేబు వాళ్లది. యాప్‌లో పంచుకోవచ్చుగా అంటారు. పంచుకోవచ్చు, కానీ రోజుకు నాలుగుసార్లు ఒకరికొకరు బాకీ కనబడుతుంటే స్నేహం వడ్డీ వ్యాపారంలా తయారవుతుంది. సంచిలో డబ్బు అడుగంటితే మాత్రం ఎవరూ ఎవరినీ అనకుండానే ఆ పూట ట్యాక్సీ మానేసి నడుస్తారు.

ఇంకో కట్టుబాటు బయల్దేరకముందే పెట్టుకోండి: వారానికి ఒకరోజు ఎవరి దారి వాళ్లది. పొద్దున విడిపోయి రాత్రి భోజనానికి కలవాలి. తెల్లారి లేచి మార్కెట్ చూసేవాళ్లూ, పదకొండింటికి కళ్లు తెరిచేవాళ్లూ రోజుల తరబడి ఒకే గదిలో ఉంటే ముఖాలు మాడక మానవు.

దారిలో ముందుగా చూసుకోవలసినవి కొన్నే. ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ ఖోంగ్ దగ్గర వంతెన దాటితే లావోస్‌లోని హువాయ్ సాయ్. అక్కడి నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు మెకాంగ్ నది మీద పడవ రెండు రోజులు, మధ్యలో పాక్ బెంగ్‌లో రాత్రి బస. పాత వ్యాన్ల సీట్లు పీకి పడవలో వరుసగా వేసి ఉంటాయి. ఇంజన్ ఉండేది పడవ వెనక భాగంలో, అక్కడ చెవులు దిబ్బళ్లు పడతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లి ముందువైపు చోటు పట్టండి. పేకముక్కలు, అరటిపళ్లు, ఒక శాలువా చాలు. లువాంగ్ ప్రబాంగ్ నుంచి వాంగ్ వియెంగ్, వియెంటియాన్‌లకు 2021 డిసెంబరులో మొదలైన రైలు ఉంది. చివరిదాకా సుమారు రెండు గంటలు. స్టేషన్ ఊరికి దూరం, టికెట్లు త్వరగా అయిపోతాయి. వియెంటియాన్ నుంచి హనోయ్‌కి బస్సులో ఒక పగలూ రాత్రీ పడుతుంది, విమానంలో గంట. ఇక్కడ మాత్రం పొదుపు పక్కనపెట్టండి. హనోయ్ నుంచి సైగాన్‌కు 1,726 కిలోమీటర్ల రైలుమార్గం, దాన్ని ముక్కలుగా చేసుకుని నిన్ బిన్, హ్యూ, డానాంగ్‌లలో దిగండి. హ్యూ నుంచి డానాంగ్ వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ అడగండి, సముద్రం అటువైపే.

రెండు విషయాల్లో నేను మొహమాటం లేకుండా పెద్దరికం చేస్తాను. వెళ్లిన దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా స్కూటర్ నడిపితే పడినప్పుడు బీమా పైసా ఇవ్వదు. మన ఊళ్లో ఎలా నడిపామన్నది అక్కడ లెక్కకు రాదు. అద్దె బండికి పాస్‌పోర్ట్ కుదువపెట్టొద్దు. రెండోది, ఉచితంగా పోసే మద్యం ముట్టొద్దు. 2024 నవంబరులో వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషం కలిసిన మద్యానికి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. సీసా మూత కళ్లెదుట తీస్తేనే తాగండి.

శాకాహారులు 'చాయ్' అన్న వియత్నాం మాట, 'జే' అన్న థాయ్ మాట నేర్చుకోవాలి. లేకపోతే కూరగాయల వేపుడులోనూ చేపరసం పడుతుంది. మా గుంటూరు నాలుకకు అక్కడి మిరపకాయ చాలు, కానీ వేడి అన్నం చూశాక కందిపొడి లేదే అని ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న డబ్బా తప్పక వేసుకోండి. ఆవకాయ వద్దు. నూనె ఉన్నదాన్ని చేతి సంచిలో పోనివ్వరు, చౌక విమానాల్లో చేతి సంచికి ఏడు కిలోలే.

ఉమ్మడి సంచి లెక్క సైగాన్‌లోనే, విమానానికి ముందురోజు తేల్చేయండి. మిగిలిన డాంగులను ఇక్కడ మార్చుకోవడం కష్టం. మేము ఆ డబ్బుతో బెన్ థాన్ మార్కెట్‌లో నాలుగిళ్లకూ కాఫీ పొడి కొన్నాం. బేరమాడాలి, మొదట చెప్పిన ధరకు సగం దగ్గర మొదలుపెట్టండి.