కిరాణా కొట్టుకు కృత్రిమ మేధ – మూడవ పాఠం: ఎంత సరుకు తెప్పించాలి?

చేతిరాత చిట్టాను ఫోనుతో ఫొటో తీసి, కృత్రిమ మేధ యాప్‌లైన చాట్‌జీపీటీ చేతనో జెమినీ చేతనో పట్టికగా రాయించుకుని, అంకె అంకెనూ సరిచూసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ పట్టిక ఆధారంగా వచ్చే వారానికి ఎంత సరుకు చెప్పాలో తేల్చుకోవడం ఈ పాఠం. చిన్న కొట్టులో పెట్టుబడి దాదాపు అంతా సరుకు రూపంలోనే ఉంటుంది. ఎక్కువ తెప్పిస్తే ఆ డబ్బు కదలదు, తక్కువ తెప్పిస్తే వచ్చినవారు పక్క కొట్టుకు వెళతారు.

ముందుగా కావలసింది సరుకువారీ అమ్మకం. యూపీఐ ఖాతాలో ఎంత డబ్బు వచ్చిందో కనిపిస్తుంది గానీ, ఏ సరుకుకు వచ్చిందో కనిపించదు. బిల్లు వేసే యంత్రం లేనివారు వారం మొదట ఉన్న నిల్వకు ఆ వారం దిగిన సరుకు కలిపి, వారం చివర మిగిలినది తీసివేస్తే అమ్మకం తేలుతుంది. అన్ని సరుకులకూ ఈ శ్రమ అవసరం లేదు. ఎక్కువ డబ్బు తిరిగే పదింటితో మొదలుపెట్టండి.

ఉదాహరణకు, ఒక కొట్టులో నాలుగు వారాల కందిపప్పు అమ్మకం వరుసగా 42, 45, 20, 43 కిలోలు అనుకుందాం. ఈ అంకెలు మాత్రమే ఇస్తే కృత్రిమ మేధ సగటు తీసి వారానికి 37.5 కిలోలని చెబుతుంది. కూడిక, భాగహారం సరిగానే ఉన్నా ఆ సమాధానం తప్పు, ఎందుకంటే మూడవ వారం మూడు రోజులకే పప్పు అయిపోయింది. మిగిలిన నాలుగు రోజులు అడిగినవారందరినీ లేదని పంపించారు. అమ్మకం ఆగడం, గిరాకీ తగ్గడం ఒకటి కావు. ఆ తేడా తెలిసినవారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారే కనుక, దాన్ని మాటల్లో చెప్పి తీరాలి. కింది విధంగా రాయండి, లేదా మైకు నొక్కి తెలుగులోనే చెప్పండి:

“నా కొట్టులో నాలుగు వారాల కందిపప్పు అమ్మకం 42, 45, 20, 43 కిలోలు. మూడవ వారం మూడు రోజులకే నిల్వ అయిపోయింది, ఆ వారాన్ని సగటులో కలపవద్దు. నేను వారానికి ఒకసారి సరుకు చెబుతాను, చెప్పిన రెండు రోజులకు దిగుతుంది. ఇప్పుడు 15 కిలోలు ఉంది. బస్తా 25 కిలోలు. ఎన్ని బస్తాలు చెప్పాలో లెక్క మెట్టు మెట్టుగా చూపించు. తెలియనిది ఊహించకుండా నన్ను అడుగు.”

లెక్క ఇలా రావాలి. మిగతా మూడు వారాల సగటు సుమారు 43.3 కిలోలు, అంటే రోజుకు 6.2. వారం రోజులు, సరుకు దిగే రెండు రోజులు కలిపి తొమ్మిది రోజులకు సుమారు 56, చేతిలో ఉన్న 15 తీసివేస్తే 41. కాబట్టి రెండు బస్తాలు. మిగిలే తొమ్మిది కిలోలు అనుకోని గిరాకీకి ఆసరా. ఈ మెట్లను క్యాలిక్యులేటర్ మీద మీరే ఒకసారి వేసి చూడాలి. చాట్‌జీపీటీ, జెమినీ వంటి కృత్రిమ మేధ యంత్రాలు మూలంలో తరువాత రాదగిన మాటను అంచనా వేసేవి; తప్పు అంకెను కూడా తడబాటు లేకుండా చెప్పగలవు.

పండుగల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. పసుపు, కుంకుమ, శనగలు, బెల్లం, కొబ్బరికాయలకు నిరుడు ఇదే తేదీల్లో ఎంత అమ్మిందని చూసి సరుకు చెప్పినవారికి 2025లో అది వారం ఆలస్యంగా దిగి ఉండేది. 2026 పంచాంగంలో అధిక జ్యేష్ఠం ఉన్నందున శ్రావణం ఆగస్టు 13న గానీ మొదలుకాదు. రంజాన్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. అందువల్ల పట్టికలో తేదీ పక్కన “వ్రతానికి ముందు వారం”, “రంజాన్ రెండవ వారం” అన్నట్లు ఇంకొక గడి పెట్టి, పోలిక ఆ గడినిబట్టి చేయమని అడగాలి. పండుగ తేదీని మాత్రం యంత్రాన్ని అడగకుండా మీ ఊళ్లో అందరూ పాటించే పంచాంగం చూసి మీరే ఇవ్వండి.

అరువు ఖాతా పేజీ ఫొటో ఎప్పుడూ పంపవద్దు. అందులోని పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు మనల్ని నమ్మి రాయించుకున్నవారివి. ఈ లెక్కకు వాటితో పనే లేదు.

ఈ వారం అభ్యాసం: మూడు సరుకులు ఎంచుకోండి. వాటిలో ఒకటి పాలో, పెరుగో, బ్రెడ్డో అయి ఉండాలి, ఎందుకంటే త్వరగా పాడయ్యే సరుకుకు అదనపు నిల్వ లెక్క చెల్లదు. ఆ సరుకుకు ఎన్ని రోజుల గడువు ఉందో కూడా ప్రశ్నలో చేర్చాలి. వచ్చిన సమాధానాన్ని, మీ అనుభవంతో మీరు అనుకున్న పరిమాణాన్ని పక్కపక్కన రాసి, వారం చివర అసలు అమ్మకాన్ని మూడవ గడిలో నింపండి. ఆ మూడు గడులతో నాలుగవ పాఠం మొదలుపెడదాం.