కంప్యూటర్ మొరాయించిన రోజుకు ఇంటిని సిద్ధం చేసుకోవడం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో కాపురముండేవారికి అక్టోబరు వచ్చిందంటే తుపానుకు సిద్ధపడాలని ఎవరూ చెప్పనక్కరలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవారూ, 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి తెగి, పడుగుపాడు వద్ద రైళ్లు నిలిచిపోయినప్పుడు ఇబ్బంది పడినవారూ ఇప్పటికీ ఇళ్లలో ఉన్నారు కాబట్టి, బియ్యం, మందులు, కొవ్వొత్తులు ముందే సమకూర్చుకునే అలవాటు మనకు ఉంది. అయితే పొలం కాగితాల నుంచి రొయ్యల చెరువు లెక్కల దాకా అన్నీ చేరిపోయిన ఫోను, కంప్యూటరు ఒక్కసారిగా పనిచేయకపోతే ఏం చేయాలో చాలా ఇళ్లలో ఆలోచించి పెట్టుకోలేదు. ఆ యంత్రాన్ని ఆపింది వైరస్ కావచ్చు, పిడుగు కావచ్చు, ఎక్కడో ఉన్న బ్యాంకు సర్వరు కావచ్చు. ఇంట్లో చేసుకోవలసిన ఏర్పాటు మాత్రం చాలావరకు ఒక్కటే.

2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది కాబట్టి, ఆ అప్‌డేట్ వేసుకున్న యంత్రాల్లోకి అది ఆ దారిన వచ్చే వీలు లేకపోయింది. 2024 జులై 19న మాత్రం దీనికి పూర్తిగా భిన్నమైన కథ జరిగింది. వైరస్ లేదు, దొంగ లేడు. ఒక భద్రతా సాఫ్ట్‌వేరు తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయి, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అదే నెల 31న, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరగగా, ముందు జాగ్రత్తగా సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులను తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ బ్యాంకుల ఖాతాదారులు చేసిన పొరపాటంటూ ఏమీ లేకపోయినా యూపీఐ పనిచేయలేదు.

కనుక మొదట కాగితంతోనే పని మొదలుపెట్టాలి. ఒక నోటుపుస్తకంలో బ్యాంకు బ్రాంచి, గ్యాస్ ఏజెన్సీ, డాక్టరు, మందుల దుకాణం, దగ్గరి బంధువుల నంబర్లు, ఖాతా నంబర్లు, బీమా పాలసీ నంబర్లు, ఇంట్లో పెద్దవారు వాడే మందుల పేర్లు, మోతాదులు రాసి పెట్టండి. పక్కనే సైబర్ మోసాల నంబరు 1930, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912 రాయండి. గూగుల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకున్నవారు, ఆ సంస్థ ఇచ్చే ఎనిమిది అంకెల బ్యాకప్ కోడ్లను కూడా కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని నోటుపుస్తకంలో కాకుండా బీరువాలో దాచుకోవాలి. ఫోను నీళ్లలో పడిన రోజున ఓటీపీ రాదు. ఆ కోడ్లు లేకపోతే మన ఖాతాలోకి మనమే ప్రవేశించలేము. పిల్లలు హైదరాబాదులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉండి, తల్లిదండ్రుల ఖాతాలన్నీ వారే తెరిచి పెట్టిన ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కావు. మనకు పగలైనప్పుడు అమెరికాలో అర్ధరాత్రి కాబట్టి, పాస్‌వర్డులు కొడుకు జ్ఞాపకంలో మాత్రమే ఉంటే అవసరానికి అందవు.

తరువాతది బ్యాకప్, అంటే ఫైళ్లకు మరో కాపీ తీసి ఉంచుకోవడం. ఈ విషయంలో ఎక్కువ మంది ఒక భ్రమలో ఉంటారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని, ఫొటోలన్నీ అందులో వేసి, దాన్ని కంప్యూటరుకే ఏడాది పొడుగునా తగిలించి ఉంచుతారు. రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు యంత్రానికి తగిలించి ఉన్న డిస్కులన్నింటికీ తాళం పడుతుంది. పిడుగు పడితే రెండూ కలిసి పోతాయి. విత్తనాల వడ్లను తిండిగింజల గాదెలో కలపకుండా విడిగా కట్టిపెట్టినట్లే, కాపీ చేయడం పూర్తికాగానే డిస్కును తీసి వేరే గదిలో, వీలైతే వేరే ఇంట్లో పెట్టాలి. క్లౌడులో, అంటే నెట్‌లోని నిల్వలో, ఉంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే ఫోనులో ఒక ఫొటో తొలగిస్తే క్లౌడులోనూ తొలగిపోయేలా, కంప్యూటరులో ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే పైకి వెళ్లేలా చాలా సేవలు పనిచేస్తాయి. అందుచేత ఒక కాపీ యంత్రంలో, ఒకటి విడిగా ఉంచిన డిస్కులో, మరొకటి క్లౌడులో ఉండటం మంచిది. తుపానుల కాలానికి ముందు సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి డిస్కును కొత్తగా నింపి, అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మడం కష్టం. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి డిజిలాకర్‌లోనూ, భూమి వివరాలు మీభూమి పోర్టల్‌లోనూ మళ్లీ దొరుకుతాయి. పెళ్లి ఫొటోలు, చెరువు మేత లెక్కలు ఎక్కడా దొరకవు. ముందుగా కాపాడుకోవలసినవి అవే.

వైరస్ ఇంట్లోకి ఏ దారిన వస్తుందో ఇప్పుడు చూద్దాం. పొలం 1బీ, అడంగల్ కాగితాలో, హాల్ టికెట్టో ప్రింటు తీయించడానికి జెరాక్సు షాపుకు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లడం మనకు మామూలే. రోజంతా వచ్చేపోయే పెన్‌డ్రైవులన్నీ అక్కడి ఒక్క కంప్యూటరుకే తగులుతాయి. ఇంటికి వచ్చి చూస్తే ఫోల్డర్ల బొమ్మల మూలన చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. అవి ఫోల్డర్లు కావు, వైరస్‌ను నడిపించే షార్ట్‌కట్‌లు. అసలు ఫైళ్లు సాధారణంగా దాచబడి ఉంటాయి తప్ప పోవు. ఆ షార్ట్‌కట్‌లపై నొక్కకుండా, ముందు విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌తో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయించి, తరువాత దాచిన ఫైళ్లను చూపించే ఆప్షన్ ఎంచుకోవాలి. బయట ప్రింట్ల కోసమే ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి వేరుగా ఉంచుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. షాపు కంప్యూటరులో వాట్సాప్ తెరిస్తే, బయటికి వచ్చేముందు ఫోనులోని లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయండి.

ఫోనుకు వచ్చే ప్రమాదం ఇంకా సూటిగా ఉంటుంది. "మా అమ్మాయి పెళ్లికి తప్పక రావాలి" అంటూ తెలిసినవారి నంబరు నుంచే ఒక ఫైలు వస్తుంది. కొన్నిసార్లు అది ట్రాఫిక్ చలానా పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వస్తుంది. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో ఉండాలి. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, ఒక యాప్. దాన్ని నొక్కినప్పుడు తెలియని యాప్‌ను ఇన్‌స్టాల్ చేయనివ్వాలా అని ఫోను అడుగుతుంది, ఆ తరువాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కోరుతుంది. ఆ అనుమతి ఇచ్చామంటే మన ఓటీపీలు దొంగకు చేరినట్లే. పంపినవారి ఫోను ముందే వారి చేజారిపోయి ఉండవచ్చు కాబట్టి, వాట్సాప్‌లో కాకుండా మామూలు కాల్ చేసి అడగండి.

మరొక సంగతి చెప్పుకోవాలి. దూరాన ఉన్న పిల్లలు కంప్యూటరును అక్కడి నుంచే సరిచేయడానికి రిమోట్ యాప్ వేయించి, తెరమీద కనిపించే అంకెలు చెప్పమంటారు. మంచి సదుపాయమే, కానీ ఆ అంకెలు చెప్పడం పెద్దవారికి అలవాటైపోతే బ్యాంకు మనిషినంటూ ఫోను చేసినవాడికీ చెప్పేస్తారు. పిల్లలు వీడియో కాల్‌లో ముఖం చూపించి అడిగితే తప్ప ఆ యాప్ తెరవకూడదని ఇంట్లో నియమం పెట్టుకోవాలి. క్రాక్ చేసిన ఆటలు, తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ల దొంగ కాపీలు కూడా వేయకూడదు. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయమని చెప్పే సాఫ్ట్‌వేరు ఏదైనా అనుమానించదగిందే.

యంత్రం వరకు చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి. అప్‌డేట్లు ఆపవద్దు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఇంకా దానిమీదే ఉన్నవారు కొత్తదానికి మారడం గురించి ఆలోచించాలి. పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ కాని ఖాతా ఇవ్వండి, వైఫై రూటరుతో వచ్చిన పాస్‌వర్డు మార్చండి. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడంతో సరిపెట్టక ప్లగ్గును, నెట్ కేబులును కూడా ఊడదీయండి. వారం రోజుల ఖర్చుకు సరిపడా నగదు చిన్న నోట్లలో ఉంచుకోండి. పెద్ద నోటు ఉన్నా, కరెంటు లేని రోజున చిల్లర ఇచ్చేవారు దొరకరు. నెట్ లేకుండా సిగ్నల్ మాత్రమే ఉన్నప్పుడు *99# డయల్ చేసి డబ్బు పంపవచ్చు గాని, కుటుంబంలో ఒకరైనా ముందే వాడి చూసి ఉండాలి.

ఇంత చేసినా దాడి జరిగితే, ముందు నెట్ తీసివేయండి: కంప్యూటరుకు వైఫై ఆపండి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. తగిలించి ఉన్న డిస్కులు ఊడదీయండి. ఫైళ్ల పేర్లు కళ్లముందే మారిపోతుంటే యంత్రాన్ని ఆపేయండి. తెరమీది బెదిరింపును మరో ఫోనుతో ఫొటో తీయండి. డబ్బు పోయి ఉంటే, ఆ ఫోనుతో కాక వేరే ఫోనుతో బ్యాంకుకు, 1930కి వెంటనే చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. దొంగ ఖాతాలో సొమ్మును నిలిపివేయాలంటే గంటలు ముఖ్యం. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేని మోసాన్ని బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము మనదే. ఆ తరువాత పాస్‌వర్డులన్నీ శుభ్రమైన వేరే యంత్రం నుంచి మార్చండి, ఏపీకే వేసిన ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

అడిగిన సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ ఏదీ ఉండదు. యూరోపోల్, డచ్ పోలీసులు మరికొన్ని సంస్థలతో కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైటులో కొన్ని రకాల తాళాలకు ఉచితంగా విరుగుడు దొరుకుతుంది. మీ రకానికి ఇప్పుడు లేకపోతే, తాళం పడిన ఫైళ్లున్న డిస్కును తుడిచేయకుండా పేరు, తేదీ రాసిన కవరులో పెట్టి దాచండి, విరుగుడు తరువాతి కాలంలో రావచ్చు. కంప్యూటరులో కొత్త డిస్కు వేయించి, విండోస్ మొదటి నుంచి ఎక్కించి, అప్‌డేట్లు పూర్తయ్యాకే బ్యాకప్ డిస్కును తగిలించండి.