పిల్లల నాట్య, సంగీత, నాటక సంస్థలు సైబర్ నేరానికి గురైతే: ఫిర్యాదు దరఖాస్తు విధానం

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి... ఏ ఊరు తీసుకున్నా పిల్లలకు కూచిపూడి, కర్ణాటక సంగీతం, నాటకం నేర్పే చిన్న సంస్థలు వీధికొకటి కాకపోయినా పేటకొకటైనా కనిపిస్తాయి. ఒక గురువుగారు, అద్దెకు తీసుకున్న మేడ గది, సాయంత్రం తరగతులు, ఏడాదికొకసారి పురమందిరంలోనో కల్యాణ మండపంలోనో వార్షికోత్సవం. ఆఫీసంటూ వేరే ఉండదు. గురువుగారి ఫోనే ఆఫీసు. ఫీజులు వచ్చేది దానికే, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు నడిచేది దానిమీదే, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానెల్ తెరుచుకునేదీ దానితోనే.

పోటీకి పంపడానికి తయారుచేసిన పట్టిక ఒకటి ఆ ఫోనులో తప్పకుండా ఉంటుంది. పాప పేరు, పుట్టిన తేదీ, చదివే బడి, తల్లి ఫోను నంబరు, పక్కనే గజ్జెలు కట్టి ఆహార్యంతో తీయించిన ఫోటో, వయసు రుజువుకని ఆధార్ కార్డు బొమ్మ. బడిలో అయితే బీరువాలో పెట్టి తాళం వేసే వివరాలివి. ఇక్కడ మాత్రం గ్రూపులో పెట్టి, ‘పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి’ అని అందరినీ అడుగుతారు. ఆ గ్రూపులోకి పరాయివాడు చొరబడితే వాడికి ఇంకేమీ వెతుక్కునే పని ఉండదు.

అలాంటిది జరిగినప్పుడు ఎక్కడ, ఏ వర్గం కింద, ఎవరి పేరున ఫిర్యాదు చేయాలన్నదే ఈ వ్యాసం. కేంద్ర హోం శాఖ పరిధిలోని భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం నడిపే జాతీయ పోర్టల్ ఇందుకు ప్రధాన మార్గం. చిరునామా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర ‘గవ్ డాట్ ఇన్’ లేకపోతే అది నకిలీ అనుకోండి. ఫిర్యాదుకు రుసుము ఏమీ లేదు. ‘మా సంస్థ సొసైటీగా రిజిస్టరు కాలేదు, తీసుకుంటారా?’ అనే సందేహం చాలామందికి ఉంటుంది. రిజిస్ట్రేషన్‌తో దీనికి సంబంధం లేదు. నష్టపోయిన వ్యక్తి తన పేరున, తన గుర్తింపు కార్డుతో ఫిర్యాదు చేస్తారు, అంతే.

ముందుగా తేల్చుకోవలసింది: ఇది ఏ వర్గం?

పోర్టల్‌లో మూడు ద్వారాలు ఉంటాయి: ఆర్థిక మోసం, మహిళలు లేదా పిల్లలకు సంబంధించిన నేరం, ఇతర సైబర్ నేరం. ఒకే సంఘటన మూడింటికీ చెందవచ్చు. గురువుగారి వాట్సాప్ ఎవరి చేతికో పోయిందనుకుందాం. ఆ ఖాతా నుంచి ‘అత్యవసరం, పదివేలు పంపండి’ అని తల్లిదండ్రులకు సందేశం వెళ్లి ఇద్దరు పంపేస్తే అది ఆర్థిక మోసం. గ్రూపులోని ఒక పాప ఫోటోను మార్చి అసభ్యంగా తయారుచేస్తే అది రెండో వర్గం. ఖాతా చేజారడం మూడోది. ఇవన్నీ కలిపి ఒకే ఫిర్యాదులో కుక్కితే డబ్బు సంగతి చూడవలసినవారికి ఫోటోల కథ, ఫోటోల సంగతి చూడవలసినవారికి డబ్బు కథ చేరుతుంది. విడివిడిగా పెట్టి, ఒకదానిలో మరొకదాని రసీదు సంఖ్య ప్రస్తావించడమే మేలని నా అభిప్రాయం.

ఎవరి పేరున అన్నదీ ఇక్కడే తేలుతుంది. డబ్బు ఎవరి ఖాతా నుంచి పోయిందో వారే ఆర్థిక మోసం ఫిర్యాదు చేయాలి. గురువుగారు అందరి తరఫునా ఒకటే పెడితే బ్యాంకు వివరాలు సరిపోలవు. బిడ్డ ఫోటోల విషయంలో తల్లి గాని తండ్రి గాని ముందుండడం మంచిది. పేజీ, ఛానెల్, ఫోను నంబరు ఎవరి పేరున ఉన్నాయో వారు మూడోదానికి.

డబ్బు పోతే ముందు 1930

ఫారం తర్వాత, ఫోను ముందు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి చేయండి. ఆ కాల్ రాష్ట్ర పోలీసుల సైబర్ కేంద్రానికి వెళ్తుంది. 2021 నుంచి నడుస్తున్న ఈ ఏర్పాటులో పోలీసులు, బ్యాంకులు, వాలెట్ సంస్థలు ఒకే వ్యవస్థలో అనుసంధానమై ఉన్నాయి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతుంటే, అది ఎక్కడుంటే అక్కడ ఆపివేయించడమే దీని పని. దొంగ నగదుగా తీసేసుకున్నాక ఆపడానికి ఏమీ మిగలదు. అందుకే గంటల తేడా కాదు, నిమిషాల తేడా ఇక్కడ లెక్కకు వస్తుంది.

ఫోనులో అడిగేవి: మీ పేరు, మొబైల్ నంబరు, బ్యాంకు లేదా వాలెట్ పేరు, పన్నెండు అంకెల లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం. ఈ పన్నెండంకెల సంఖ్య యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపును తెరిస్తే కనిపిస్తుంది. కాల్ పూర్తయ్యాక రసీదు సంఖ్యతో సందేశం వస్తుంది. దానితో 24 గంటల్లోగా పోర్టల్‌లోకి వెళ్లి మిగిలిన వివరాలు నింపాలి. చాలామంది కాల్ చేసి పని అయిపోయిందనుకుంటారు. కాదు.

అదే సమయంలో బ్యాంకుకు కూడా తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తన పొరపాటుతో ఓటీపీ చెప్పేసినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. ఇంకో జాగ్రత్త: బ్యాంకు సహాయ నంబరును గూగుల్‌లో వెతకకండి. పాసుపుస్తకం మీద, కార్డు వెనుక ఉన్నదే వాడండి. మోసపోయి కంగారులో ఉన్నవారికోసమే నకిలీ నంబర్లు కాచుకుని ఉంటాయి.

ఈ రంగంలో డబ్బు మోసాలకు ఒక ప్రత్యేక రూపం ఉంది. వందల మంది పిల్లలతో రికార్డు నృత్య ప్రదర్శనలు, ఊరూరా జాతీయ పోటీలు నిజంగానే జరుగుతాయి, ఒక్కో బిడ్డకు ఇంత అని ప్రవేశ రుసుమూ నిజంగానే ఉంటుంది. కాబట్టి నకిలీ ఆహ్వానం వచ్చినా అనుమానం రాదు. గురువుగారు నమ్ముతారు, గురువుగారిని చూసి తల్లిదండ్రులు నమ్ముతారు, రుసుములన్నీ ఒకే ఖాతాలో పోగై ఒకేసారి వెళ్లిపోతాయి. అప్పుడు ఫిర్యాదుదారు గురువుగారే. తల్లిదండ్రుల చెల్లింపుల పట్టికను ఆధారంగా జతచేయాలి. కరపత్రం, సందేశాలు, పంపిన నంబరు కూడా ఉంచాలి.

పిల్లల ఫోటోలు, వీడియోల విషయంలో

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. పద్ధతి తప్పితే ఫిర్యాదు చేసేవారే చిక్కుల్లో పడతారు.

అసభ్యంగా మార్చిన బిడ్డ ఫోటో మీ కంటపడితే, ‘ఆధారం కోసం’ అని మరొకరికి పంపకండి. సంస్థ కమిటీ గ్రూపులోనూ పెట్టవద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అశ్లీల దృశ్యాలను పంచడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద, పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం కింద నేరం. వాటిని తుడిచేయకుండా, పోలీసులకు చెప్పకుండా దగ్గర ఉంచుకోవడాన్నీ పోక్సో 15వ సెక్షన్ నేరంగా చూస్తుందని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరి ఆధారం ఎలా? ఆ పేజీ లింకు, ఖాతా పేరు, చూసిన తేదీ, సమయం రాసిపెట్టుకోండి. సందేశంగా మీ ఫోనుకే వస్తే ఫోనుతో సహా నేరుగా స్టేషనుకు వెళ్లండి.

పోర్టల్‌లో ఈ వర్గానికి మాత్రమే పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. కాని అలా పెడితే తర్వాత దాని స్థితి తెలుసుకోలేరు, పోలీసులకు ఇంకో వివరం కావాలన్నా మిమ్మల్ని అడగలేరు. బెదిరింపు భయం గట్టిగా ఉంటే తప్ప, మొబైల్ నంబరుతో నమోదయ్యే రెండో మార్గమే ఎంచుకోండి. 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ బిడ్డ పేరు, ఇల్లు, బడి ఏవీ పత్రికల్లోనూ ప్రసార మాధ్యమాల్లోనూ బయటపెట్టకూడదంటుంది. ‘పేరు బయటికి వస్తుంది’ అని వెనక్కి తగ్గే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి. ఇంకా చెప్పవలసింది 24వ సెక్షన్. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటనో, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ నమోదు చేస్తారు. ఆ సమయంలో పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు.

సంస్థ నడిపేవారికి ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. పోక్సో నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. మృదంగం వాయించే ఆయన గురించో, వీడియో తీసే కుర్రాడి గురించో మాట వచ్చినప్పుడు ‘మనలో మనం సర్దుకుందాం, సంస్థ పరువు పోతుంది’ అనే పెద్దమనిషి ప్రతి కమిటీలో ఒకరుంటారు. ఆయనకు ఈ సెక్షన్ చదివి వినిపించాలి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదని కూడా అదే చట్టం చెబుతుంది. పోర్టల్‌తో ఆగకుండా ఇలాంటి వాటిలో స్టేషనుకూ వెళ్లండి. పిల్లల సహాయ నంబరు 1098 ఎప్పుడూ ఉంటుంది.

ఫోటో ఇంటర్నెట్‌లో పాకకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటోను ఎక్కడికీ పంపనక్కర్లేదు. మీ ఫోనులోనే దానికి ఒక సంకేత సంఖ్య తయారై, ఆ సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన సామాజిక మాధ్యమాలు ఆ సంఖ్యతో సరిపోలే ఫోటోలను గుర్తించి తీసేస్తాయి.

ఖాతా చేజారితే

ఇక్కడ ఫిర్యాదు కంటే ముందు ఖాతాను వెనక్కి లాక్కోవాలి. వాట్సాప్ అయితే మీ నంబరుతో మళ్లీ నమోదై సందేశంలో వచ్చే ఆరంకెల కోడ్ ఇవ్వండి, అవతలివాడు బయటికి పోతాడు. వాడు రెండో దశ పిన్ పెట్టి ఉంటే ఏడు రోజులు ఆగాలి, కాని ఆ ఏడు రోజులూ వాడూ లోపల ఉండలేడు. కోడ్ రాకపోతే కాల్ మళ్లింపు పెట్టించి ఉండవచ్చు. ##002# డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఈలోగా ‘నా వాట్సాప్ నుంచి ఏమొచ్చినా నమ్మకండి’ అని తల్లిదండ్రులకు మామూలు కాల్ చేసి చెప్పాలి.

ఫేస్‌బుక్ పేజీలు పోవడానికి నాట్య సంస్థల్లో ఒక ప్రత్యేక కారణం ఉంది. పిల్లలు రికార్డు పాటకు చేసిన నృత్యాన్ని పేజీలో పెడితే కాపీరైటు హెచ్చరిక నిజంగా వస్తుంటుంది. అందుకే ‘కాపీరైటు ఉల్లంఘన, 24 గంటల్లో పేజీ తొలగిస్తాం, అప్పీలుకు ఈ లింకు నొక్కండి’ అనే దొంగ సందేశం వచ్చినప్పుడు గుండె జారి పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. నిజమైన హెచ్చరిక యూట్యూబ్ అయితే యూట్యూబ్ స్టూడియో లోపల, ఫేస్‌బుక్ అయితే పేజీ సెట్టింగుల్లో కనిపిస్తుంది. మెసెంజర్‌లో అపరిచితుడి దగ్గర నుంచి రాదు.

ఫారం నింపడం

మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకోవాలి. జిల్లా దగ్గర మీరుండే జిల్లా. స్టేషను ఎంచుకోమన్నప్పుడు మీ చిరునామా ఏ స్టేషను పరిధిలో ఉందో ముందే తెలుసుకుని ఉంటే తడబాటు ఉండదు.

సంఘటన వివరణకు కనీసం 200 అక్షరాలు కావాలి, ప్రత్యేక చిహ్నాలు ఉండకూడదు. ఆశ్చర్యార్థకం, నక్షత్రం గుర్తు, ఎట్ గుర్తు లాంటివి పెడితే ఫారం ముందుకు కదలదు. ఈమెయిల్ చిరునామాలకు, ఖాతా పేర్లకు వేరే గడి ఉంటుంది, అక్కడ రాయండి. వివరణలో బాధ కాదు, క్రమం కావాలి. ఈ తీరులో రాయవచ్చు:

‘నేను నెల్లూరులో పిల్లలకు నృత్యం నేర్పుతాను. ఫలానా తేదీ సాయంత్రం ఏడు గంటలకు పోటీ నిర్వాహకుడినంటూ ఒక వ్యక్తి ఫోను చేసి ఆరంకెల కోడ్ అడిగాడు. కోడ్ చెప్పిన వెంటనే నా వాట్సాప్ ఆగిపోయింది. ఏడున్నరకు నా ఖాతా నుంచి తల్లిదండ్రుల గ్రూపులో డబ్బు అడుగుతూ సందేశం వెళ్లింది. ఎనిమిది గంటలకు నాకు తెలిసింది. ఆ గ్రూపులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ బొమ్మలు ఉన్నాయి.’

చివరి వాక్యం మరవకండి. ఏ వివరాలు బయటపడ్డాయో నమోదై ఉంటే, రేపు ఆ ఆధార్‌తో ఎవరైనా సిమ్ తీసుకున్నా మీ దగ్గర తేదీతో కూడిన కాగితం ఉంటుంది. ఆలస్యంగా ఫిర్యాదు చేస్తుంటే ఫారం కారణం అడుగుతుంది, ఉన్నది రాయండి.

గుర్తింపు కార్డు బొమ్మ 5 ఎంబీ లోపు, ఆధారాలు ఒక్కొక్కటి 10 ఎంబీ లోపు ఉండాలి. స్క్రీన్‌షాట్‌లో పంపినవారి నంబరు, తేదీ, సమయం కనిపించాలి. సంభాషణను మధ్యలో కత్తిరించకండి. ‘ఇక దీని మొహం చూడకూడదు’ అని గ్రూపును తుడిచేయడం చాలామంది చేసే పని. పిల్లల అశ్లీల చిత్రాలు లేనంతవరకు ఏదీ తుడవకండి. కేసు కోర్టుకు వెళ్తే ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం అడుగుతారు. అసలు ఫోను మీ దగ్గర ఉంటే అది తేలిక.

పెట్టాక ఏమవుతుంది

రసీదు సంఖ్య వస్తుంది. పోర్టల్ ఫిర్యాదు దానంతట అది ఎఫ్ఐఆర్ కాదు. అది జిల్లా పోలీసులకు చేరుతుంది, వారు పరిశీలించి నమోదు చేస్తారు. ఎఫ్ఐఆర్ అయ్యేలోపు వెనక్కి తీసుకునే వీలుంది. పది పదిహేను రోజులు కదలిక లేకపోతే రసీదు ముద్రించుకుని స్టేషనుకు వెళ్లండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఈమెయిల్‌లాంటి మార్గంలో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. నమోదు చేయకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సోమవారాల్లో ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడం ఇందుకు దగ్గరి దారి. రసీదు ప్రతి, బ్యాంకు ఫిర్యాదు సంఖ్య, వివరణ నకలు వెంట ఉంటే చాలు.

ఆపివేయించిన డబ్బు వెనక్కి రావడానికి, మొత్తం పెద్దదైతే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. ఏ బ్యాంకులో ఎంత ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి రాయించుకోండి, కోర్టులో వేసే అర్జీకి ఆ వివరమే ఆధారం.