అంగడి నుంచి ఆన్‌లైన్‌కి – మూడో పాఠం: పండక్కి ఇచ్చే వస్తువు, పనిలో వినే పాఠం

మొదటి పాఠంలో వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకున్నాం. రెండో పాఠంలో గూగుల్ మ్యాప్స్‌లో మన అంగడి పేరు, తెరిచే వేళలు, నాలుగు మంచి ఫొటోలు ఎక్కించాం. ఆ రెండూ పూర్తి చేసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే: "అన్నా, ఇక మీదట మాకు మేమే నేర్చుకోవాలంటే ఎట్లా? క్లాసులకు పోయే తీరిక లేదు. వీడియో చూస్తా కూర్చుంటే పని ఆగిపోతుంది."

న్యాయమైన మాట. అందుకే ఈ పాఠం వినడం గురించి. చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉండే సమయం మనకు రోజూ దొరుకుతుంది. తిరుపతిలో బస్సెక్కితే చంద్రగిరి, పూతలపట్టు దాటి చిత్తూరు చేరేసరికి దాదాపు 70 కిలోమీటర్లు, గంటన్నర పైనే. పొద్దున్నే అంగడి ఊడ్చి సామాన్లు సర్దడానికి ఇంకో అరగంట. ఆ టైంలో డిజిటల్ మార్కెటింగ్ మీద, అంటే ఫోన్, ఇంటర్నెట్ ద్వారా అమ్మకాలు పెంచుకోవడం మీద ఒక పాడ్‌కాస్ట్ వినేయొచ్చు. పాడ్‌కాస్ట్ అంటే రేడియో కార్యక్రమం లాంటిదే. కాకపోతే వాళ్లు ప్రసారం చేసే వేళకు కాకుండా మనకు వీలైనప్పుడు వింటాం, కావాలంటే ఫోన్‌లోకి దించుకుని పెట్టుకుంటాం. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు కలిసి 2004లో పుట్టిన పేరు ఇది.

పైగా సంక్రాంతి దగ్గరికొచ్చింది. తోబుట్టువులకు, అల్లుడికి, హాస్టల్లో చదివే పిల్లలకు ఏదో ఒక ఎలక్ట్రానిక్ వస్తువు కొనాలని గాంధీ రోడ్డులో, తిలక్ రోడ్డులో తిరుగుతుంటారు. కాబట్టి ముందు వస్తువు సంగతి తేల్చుకుని, తర్వాత వినడంలోకి వెళ్దాం.

వస్తువు కంటే ముందు మనిషి

మా చెల్లెలిని శ్రీకాళహస్తిలో ఇచ్చాం. కలంకారీ గీస్తుంది. పండక్కి ఎప్పుడూ చీరే పెట్టేవాణ్ణి. పోయినేడాది, "పని చేసుకుంటూ వినేదానికి ఏమైనా కొనివ్వన్నా" అని అడిగింది. నేను సంతోషంగా మంచి ఇయర్‌బడ్స్ కొన్నాను. బయటి శబ్దం వినపడకుండా చేసే రకం, ఖరీదైనవే. కనుమ నాటికి అవి డబ్బాలోకి వెళ్లిపోయాయి.

ఎందుకో ఆమె పక్కన కూర్చుని చూస్తే గానీ నాకు అర్థం కాలేదు. కలం అంటే సన్నగా చెక్కిన వెదురు పుల్ల. దాని నడుమ గుడ్డపీలికో ఉన్నో చుట్టి దారంతో కడతారు. ఆ ఉండను రంగులో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తారు. నొక్కు ఎంత ఉంటే గీత అంత లావు. నల్లరంగేమో బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరబెట్టి చేసింది. అది అంటిన వేలితో చెవిలోని బడ్‌ను తాకితే ఒకసారి పాట మారుతుంది, ఒకసారి ఆగిపోతుంది, ఒకసారి ఎవరికో ఫోన్ పోతుంది. వంగి గీస్తుంటే ఒక బడ్ జారి తెల్లగుడ్డ మీద పడింది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇంటి ముందు ఎవరైనా చీర చూడ్డానికి వచ్చి పిలిస్తే వినపడదు. పాప ఏడ్చినా వినపడదు.

ఆ తర్వాత ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ తీసుకెళ్లాను. ధర ఆ బడ్స్‌లో సగం కూడా లేదు. దాని మీద నిజంగా నొక్కే బటన్లు ఉన్నాయి. మోచేత్తో నొక్కినా ఆగుతుంది. ఆమె దాన్ని రంగుగిన్నెలకు దూరంగా కిటికీలో పెట్టుకుంది. ఈరోజుకీ రోజూ మోగుతోంది.

అందుకే మీకిచ్చే మొదటి అభ్యాసం ఇది. కొనేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఆ మనిషి రోజులో ఎక్కువసేపు ఎక్కడుంటారు, చేతులు ఏ పనిలో ఉంటాయి, పక్కనుంచి ఎవరు పిలిస్తే పలకాలి. ఈ మూడూ రాస్తే సగం వస్తువులు వాటంతటవే పక్కకు పోతాయి. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకు ఒక చెవికి పెట్టుకునేది చాలు. హాస్టల్ పిల్లలకు వైరున్న ఇయర్‌ఫోన్లు ఇప్పటికీ మంచివే, ఛార్జింగ్ టెన్షన్ ఉండదు. అయితే వాళ్ల ఫోన్‌కు గుండ్రటి 3.5 ఎంఎం రంధ్రం ఉందా, టైప్-సి ఒక్కటే ఉందా ముందే అడగండి. బండి నడిపేవాళ్లకు మాత్రం చెవిలో పెట్టేది ఏదీ కొనివ్వకండి. నడిపేటప్పుడు వినాల్సింది రోడ్డునే.

డబ్బా మీద రాతల్లో మనల్ని తికమక పెట్టేవి రెండున్నాయి. ఏఎన్‌సీ, ఈఎన్‌సీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏఎన్‌సీ ఉంటే బయటి రొద మన చెవికి తగ్గుతుంది. ఈఎన్‌సీ పని చేసేది మైకు దగ్గర. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మన చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు తక్కువ వినపడుతుంది, అంతే. బస్సు హోరు తగ్గుతుందని ఈఎన్‌సీ ఉన్నవి కొంటే డబ్బు దండగ. రెండోది, "40 గంటలు" అనే అంకె. అందులో డబ్బాలో పెట్టి మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసే గంటలు కూడా కలిపి ఉంటాయి. చెవిలో పెట్టుకుంటే ఒక్కసారికి ఎన్ని గంటలు వస్తాయో వేరే రాసి ఉంటుంది, చూడాల్సింది దాన్ని.

పవర్ బ్యాంకు లెక్క

దీని దగ్గర కాసేపు ఆగుదాం, నేను దెబ్బతిన్న చోటు ఇది. బయట తక్కువ రేటుకు వస్తోందని 20,000 అని రాసి ఉన్న పవర్ బ్యాంకు కొన్నాను. బిల్లు లేదు. చిత్తూరుకు పోతుంటే ఫోన్ సగం కూడా ఎక్కకముందే ఆరిపోయింది. నెల తిరిగేసరికి మధ్యలో ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీ అంటే నిప్పు ప్రమాదం, ఇంట్లో ఉంచుకోకూడదు.

మంచి కంపెనీదైనా లెక్క తెలియాలి. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత. 10,000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. శక్తి లెక్కలో చెప్తే 37 వాట్ అవర్లు. ఫోన్‌కు మామూలుగా 5 వోల్టుల మీద ఇచ్చేటప్పుడు అదే శక్తి 7,400 అవుతుంది. మార్పిడిలో వేడిగా పోయేది తీసేస్తే చేతికందేది సుమారు 6,000 నుంచి 6,500. కాబట్టి 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకటింబావు నుంచి ఒకటిన్నర సార్లు నిండితే మోసం జరగలేదన్నట్టే, రెండుసార్లు ఎక్కలేదని గొడవ పడక్కర్లేదు. పవర్ బ్యాంకు వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. రెండు డబ్బాలను పోల్చేటప్పుడు ఆ చిన్న అంకెనే పోల్చండి. రేణిగుంటలో విమానం ఎక్కే బంధువులకు ఇస్తుంటే, దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలని, 100 వాట్ అవర్లు దాటకూడదని చెప్పండి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు.

అసలుదో నకిలీదో తెలుసుకునే దారి కూడా ఉంది. పవర్ బ్యాంకు, ఛార్జర్, బ్లూటూత్ స్పీకర్, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, ఇవన్నీ మన దేశంలో వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. వస్తువు మీదో డబ్బా మీదో ఆర్ అనే అక్షరం, దాని పక్కన 8 అంకెలు ఉంటాయి. అంగట్లో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, వస్తువు పేరు వస్తాయి. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే అక్కడే పెట్టి వచ్చేయండి. మొహమాటపడకండి.

వాడిన ఫోన్ కొనిచ్చేవాళ్లకు ఒక మాట. *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెట్టండి. అది దొంగ ఫోన్‌గా బ్లాక్ అయిందా లేదా తెలుస్తుంది. ఏది కొన్నా బిల్లు తీసుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇక వినడం: పేరుతో కాదు, ప్రశ్నతో మొదలు

కొత్తగా వినేవాళ్లు ముందు "మంచి పాడ్‌కాస్ట్ ఏది?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది, "ఈ వారం మీ అంగట్లో ఏ పని జరగట్లేదు?" అని. మా చెల్లెలి జవాబు ఇది: "ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోకు లైకులొస్తాయి. రేటెంత అని అడుగుతారు. చెప్పగానే మాయమైపోతారు." ఇదిగో, వెతకడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. ప్రైసింగ్, హ్యాండ్‌మేడ్, స్మాల్ బిజినెస్ అనే మూడు మాటలు ఇంగ్లీషులో కొట్టి, కార్యక్రమాల పేర్లు కాకుండా ఎపిసోడ్ల పేర్లు చదవండి. మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నవి రెండు దొరికితే చాలు.

ఎక్కడ వెతకాలంటే, గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది. ఇప్పుడు యూట్యూబ్ మ్యూజిక్, స్పాటిఫై, ఐఫోన్ ఉంటే ఆపిల్ పాడ్‌కాస్ట్స్. ఆండ్రాయిడ్‌లో ఆంటెన్నాపాడ్ అని ఉచిత యాప్ ఉంది, యాప్‌లో ప్రకటనలు ఉండవు, నేను వాడేది అదే. రాత్రి ఇంట్లో వైఫై మీద దించుకోండి. మామూలు ఆడియో నాణ్యతలో (128 కేబీపీఎస్) అరగంట ఎపిసోడ్ దాదాపు 29 ఎంబీ. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే విన్నది తెగిపోతుంది, తెగితే మనసు మళ్లీ కుదరదు.

దొరికిన ఎపిసోడ్‌ను వినేముందు తేదీ చూడండి. ఈ రంగంలో పాతబడ్డ మాట పనికిరాకపోవడమే కాదు, తప్పుదారి పట్టిస్తుంది. వెబ్‌సైట్‌కు ఎంతమంది వచ్చారో చూపే గూగుల్ అనలిటిక్స్ పాత పద్ధతి 2023 జూలై 1న ఆగిపోయింది. 2021లో దాని గురించి చెప్పిన పాఠం ఎంత బాగున్నా, ఆ మెనూలు మీ తెర మీద కనిపించవు. తర్వాత దేశం చూడండి. అమెరికా ఎపిసోడ్లలో టిక్‌టాక్ మాట తరచుగా వస్తుంది, మన దగ్గర అది 2020 జూన్ నుంచి నిషేధం. మూడోది, చెప్పేవాళ్లు చివర్లో ఏం అమ్ముతున్నారో గమనించండి. కోర్సు అమ్మడం తప్పేమీ కాదు. కానీ అరగంటంతా ఊరించి అసలు సంగతి కోర్సులో చెప్తాం అంటే, దాన్ని వదిలేయండి.

పేర్లు కూడా చెప్తాను. గూగుల్ సెర్చ్ బృందంలోని జాన్ ముల్లర్, గ్యారీ ఇలియెస్, మార్టిన్ స్ప్లిట్ మాట్లాడే సెర్చ్ ఆఫ్ ది రికార్డ్ ఉంది. సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లకు అది ఉపయోగం, అంగడి ఒక్కటే ఉన్నవాళ్లకు కొంచెం బరువు. నీల్ పటేల్, ఎరిక్ సియు చేసే మార్కెటింగ్ స్కూల్‌లో పాత ఎపిసోడ్లు చిన్నచిన్నవి, ఊడ్చేలోపు అయిపోతాయి. సోషల్ మీడియా కోసం మైఖేల్ స్టెల్జ్‌నర్ నడిపే సోషల్ మీడియా మార్కెటింగ్ పాడ్‌కాస్ట్ వినొచ్చు. ఇవన్నీ ఇంగ్లీషే. భయపడకండి. వేగాన్ని 0.8కి తగ్గించండి. యూట్యూబ్‌లో వింటే మాటలు అక్షరాల్లో కనిపించేలా సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. మొదటి వారం సగమే అర్థమైనా పర్వాలేదు. ఈ రంగంలో తిరిగే మాటలు వందకు మించవు, రెండో వారానికి అవే మాటలు మళ్లీ వినపడి పరిచయమైపోతాయి.

విన్నదాన్ని మన భాషలోకి, మన ఊళ్లోకి

ఈ భాగాన్ని మాత్రం దాటేయొద్దు. అమెరికావాళ్లు ఈమెయిల్ లిస్ట్ అంటారు. మన కస్టమర్లు ఈమెయిల్ తెరిచి చూడరు, వాట్సాప్ చూస్తారు. కాబట్టి ఈమెయిల్ అని విన్నచోటల్లా "దీన్ని వాట్సాప్‌లో ఎట్లా చేయాలి?" అని ఆగి ఆలోచించండి. బ్లాక్ ఫ్రైడే, అంటే అక్కడి పెద్ద డిస్కౌంట్ల రోజు అన్నచోట సంక్రాంతి అనుకోండి, లేదా మే నెలలో గంగజాతర అనుకోండి.

చెల్లెలు విన్న ఒక ఎపిసోడ్‌లో సారాంశం ఇది: ధర అడిగినవాళ్లకు ఒట్టి అంకె చెప్తే మాట అక్కడే ఆగిపోతుంది. అంకెతో పాటు కారణం చెప్పాలి, చివర ఒక ప్రశ్న వేయాలి. ఆమె స్పీకర్ ఆపి, రంగు చేతులు తుడుచుకుని, పాప నోట్‌బుక్కు చివరి పేజీలో ఆ ఒక్క మాట రాసుకుంది. సాయంత్రం ఇద్దరం కూర్చుని వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై, అంటే ముందే రాసి పెట్టుకునే జవాబు తయారు చేశాం:

"అక్కా, ఈ దుపట్టా 2,800. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, వెదురు కలంతో చేత్తో గీసింది. గీయడానికి నాకు ఐదు రోజులు పట్టింది. మీరు ఏ రంగు డ్రెస్ మీదికి చూస్తున్నారు?"

"పాలు" అన్న మాట తీసేద్దామని నేనన్నాను. వద్దంది. "వాళ్లు ఆగేది అక్కడే అన్నా" అంది. ఆమె మాటే నిజమైంది. ఆ వారం రేటు అడిగిన ఆరుగురిలో నలుగురు తిరిగి రాశారు, ఇద్దరు "పాలెందుకు?" అనే మొదలుపెట్టారు. రంగు గుడ్డ మీద పాకకుండా పాలు ఆపుతాయని ఆమె చెప్పింది. ఒకరు కొన్నారు.

ఈ వారం పని

పండక్కి ఎవరికి ఏం కొనబోతున్నారో ఆ మూడు సంగతులు రాయండి. మీ అంగట్లో జరగని పని ఒక్కటి, ఒకే వాక్యంలో రాయండి. దాని మీద రెండు ఎపిసోడ్లు దించుకోండి. ఒక్కొక్కటి ఐదు నిమిషాలు విని, పనికొచ్చేదే పూర్తి చేయండి. రెండోదాన్ని మొహమాటం లేకుండా తీసేయండి. విన్నాక ఒక్క మాట రాసి, మూడు రోజుల్లోపు కస్టమర్ల మీద దాన్ని పెట్టి చూడండి. ఎంతమంది అడిగారు, ఎంతమంది తిరిగి రాశారు, ఈ రెండు అంకెలు ఆ మాట కిందే వేయండి.

నాలుగో పాఠం వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే పద్ధతి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. కానీ మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మనం అడక్కుండానే వాళ్లంతట వాళ్లే సేవ్ చేసుకునేలా ఏం చేయాలో అక్కడ చూద్దాం. ఆ రెండు అంకెలు రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి, పాఠం వాటితోనే మొదలవుతుంది.