అటక మీది పాత గిటార్ విలువ తెలుసుకోవడం ఎలా?

కావలిలో మా బాబాయి గిటార్‌ను ఇంటిల్లిపాదీ గిబ్సన్ అనే అనుకున్నాం. అటక మీంచి దింపి దుమ్ము తుడిస్తే తల మీద ఉన్నది గివ్‌సన్! అది కోల్‌కతా కంపెనీ, అమెరికా గిబ్సన్‌తో ఏ చుట్టరికమూ లేదు. కాబట్టి ముందు పేరును కూడబలుక్కుని చదవండి.

పేరు సరిపోయినా సంబరపడకండి. తీగలు వదులు చేసి, గుండ్రటి రంధ్రంలోకి ఫోన్ టార్చి వేసి, చిన్న అద్దంతో లోపల చూడండి. అమెరికా కంపెనీ మార్టిన్‌ది అయితే నెక్ (తీగల కింది పొడవాటి మెడ) వచ్చి డబ్బాకు కలిసేచోట చెక్క దిమ్మ మీద సీరియల్ నంబర్ గుద్ది ఉంటుంది. 1898లో 8000 దగ్గర మొదలైన వరుస అది. ఏ నంబర్ ఏ ఏడాదిదో చెప్పే పట్టిక నెట్‌లో దొరుకుతుంది. గిబ్సన్‌తో అంత సుఖం లేదు, 1960ల్లో ఒకే నంబర్‌ను వేర్వేరు ఏళ్లలో వాడేశారు.

తర్వాత రంధ్రం అంచు చూడండి. పైచెక్క గీతలు అంచులోకీ అలాగే దిగితే ఒకే పలక, పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ప్లైవుడ్‌కు పెద్ద ధర రాదు. వెనక చెక్క రోజ్‌వుడ్ అయితే ఏడాది చూడాలి. 1969లో మార్టిన్ బ్రెజిల్ రోజ్‌వుడ్ వదిలి మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. బ్రెజిల్‌ది బాగా ఖరీదు, కానీ అనుమతి కాగితాలు లేకుండా దేశం దాటించకూడదు.

ఇక అసలు బేరం తేలేది నెక్ దగ్గర. మన సముద్రపు గాలి తేమకు పాత జిగురు పట్టు తప్పుతుంది, దశాబ్దాల తీగల లాగుడుకు నెక్ ముందుకు వంగుతుంది. పొడవాటి స్టీలు స్కేలును ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు) మీద ఆనించి బ్రిడ్జి (డబ్బా మీద తీగలు బిగించే చెక్క) దాకా జరపండి. కొస బ్రిడ్జి నెత్తి మీదికి రావాలి. కిందికి దిగి బ్రిడ్జిని గుద్దుకుంటే నెక్ ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అతికించాలి. నాకు నెల్లూరులో ఆ పని చేసేవాళ్లు దొరకలేదు, చెన్నై పోవాల్సొచ్చింది. ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

దయచేసి వడ్రంగితో పాలిష్ మాత్రం పెట్టించొద్దు. కొత్త వార్నిష్ పడితే విలువ సగానికి పడిపోవచ్చు. పాత మరలు, తుప్పు పట్టిన ట్యూనింగ్ కీలు కూడా పారేయకండి.

ధర కోసం అమ్మకానికి పెట్టిన రేట్లు కాదు, నిజంగా అమ్ముడైన రేట్లు చూడండి. లోపలి నంబర్, స్కేలు పెట్టిన బ్రిడ్జి ఫోటోలు అడక్కుండా ఎవరైనా రేటు చెప్తే గిటార్ ఇవ్వకండి.