ఎలుక బ్రెయిన్ స్కాన్ వార్త చూసి ఎమ్మారైకి ఉరకకుండ్రి, ముందు ఇవి చూడుండ్రి

మొన్న మా చిన్నమ్మ హన్మకొండ చౌరస్తాల ఆటో దిగుతనే ఫోన్ నా మొఖం ముందర పెట్టింది, "ఎలుకల మెదడు స్కాన్‌ల డిప్రెషన్ కనబడ్డదంట, మనోనికి గూడ తీపిద్దామా" అని. ఆమె తప్పు గాదు, హెడ్డింగులే గట్ల రాస్తరు. గసుంటి వార్త వస్తే నేను ఎట్ల చదువుతనో చెప్తా.

ముందుగాల ఎలుకకి మత్తిచ్చిన్రా లేదా ఎతకాలె. కదలకుండ ఉండాలని చాలాసార్లు ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ పెడ్తరు, మెదడు పనిచేసుడు చూసే ఫంక్షనల్ ఎమ్మారై చూసేదేమో రక్తంల ఆక్సిజన్ మార్పు, మత్తు ఆ రక్తం పారుడునే మారుస్తది, ఇగ కనబడేది బాధనా మత్తునా? మెలకువల తీసినోళ్లు ఎలుకను రోజుల తరబడి ఆ గొట్టానికి, ఆ చప్పుడుకి అలవాటు చేస్తరు, అది రాసుంటే నాకు జర నమ్మకం.

"డిప్రెషన్ ఎలుక" అంటే ఏందో కూడ చూడాలె, అసలు కిటుకు ఈడ్నే ఉన్నది. ఎలుక వచ్చి మనసు బాగలేదని చెప్పదు గదా. బోనుల రెండు సీసలు పెడ్తరు, ఒకదాంట్ల చక్కెర నీళ్లు, ఇంకోదాంట్ల ఉత్త నీళ్లు, వారాలు సతాయించినంక తీపి సీస దిక్కు పోవుడు తగ్గితే దానికి దేనిమీద ఆశ లేదని లెక్క. మంచి ఉపాయమే గాని అది ఒక్క లక్షణం, మొత్తం రోగం గాదు. చెవుల గొంతులు వినబడుడు అసుంటివి ఎలుకల ఎట్ల కొలుస్తరు చెప్పుండ్రి.

లెక్కలు సరిచేసిన్రా అన్నది గూడ అడగాలె, స్కాన్‌ల వేల చుక్కలు ఒక్కొక్కటి పరీక్షిస్తే కొన్ని ఉత్తగనే వెలుగుతయి, గవి తీసెయ్యాలె. 2009ల చచ్చిన సాల్మన్ చేపను స్కానర్ల వెట్టి మనుషుల ఫోటోలు చూపిస్తే దాని మెదడుల గూడ చుక్క వెలిగింది, లెక్క సరిచేసినంక పోయింది!

మరి ఇదంతా దండగనా అంటే కాదు. ఒత్తిడి పెట్టకముందు, పెట్టినంక అదే ఎలుకను స్కాన్ తీసి, తర్వాత మెదడు కోసి ఏ కణాలు మారినయో మైక్రోస్కోప్‌ల చూడొచ్చు, మనిషిల గట్ల చేయలేం. స్కాన్‌ల నీడకి అర్థం ఏందో గట్ల తెలుస్తది. మెదడుల జ్ఞాపకాలు చూసుకునే హిప్పోకాంపస్‌నే తీస్కోండ్రి, ఒత్తిడిల ఎలుకలకి దాని సైజు తగ్గుతది, డిప్రెషన్ ఉన్నోళ్లకి గూడ సగటున జర చిన్నగుంటది, కాని మంచిగున్నోళ్ల కొలతలు వీళ్ల కొలతలు మస్తు కలిసిపోతయి, ఒక్క మనిషి ఫిల్మ్ పట్టుకోని ఉంది లేదు అని చెప్పలేం. డాక్టర్ ఎమ్మారై రాస్తే గడ్డ గిట్ల ఉందేమో చూసుటానికే ఎక్కువ.

చిన్నమ్మకి సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 కలిపిచ్చిన. తెలుగులనే మాట్లాడిన్రు, ఫస్ట్ అడిగింది పిలగాడు రాత్రిపూట నిద్రపోతుండా అని.