తేదీలు గడగడా చెబుతారు, ఏది ముందో మాత్రం తెలియదు: చిన్న తరగతుల చరిత్ర పాఠంలో సమస్యలు, పరిష్కారాలు

మూడు, నాలుగు, ఐదు తరగతులకు చరిత్ర చెప్పేవాళ్ల దగ్గర వినే ఫిర్యాదులు తిప్పితిప్పి నాలుగే. పాఠం చదివి వినిపించడం, బొమ్మలు చూపించడం, ప్రశ్నలడగడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఏ ఫిర్యాదుకైనా మందు వెతికే ముందు కింది పరీక్ష పెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది దీన్నే.

ముందు ఇది చూడండి

నాలుగు బొమ్మలు తీసుకోండి: గిజా మహా పిరమిడ్, ఈజిప్టు రాణి క్లియోపాత్రా, రైట్ సోదరుల తొలి విమానం, చంద్రుడి మీద నిలబడ్డ మనిషి. బొమ్మ మీద పేరు గానీ, సంవత్సరం గానీ ఉండకూడదు. ఒక్కొక్కరినీ పిలిచి ఏది ముందో, ఏది తర్వాతో పేర్చమనండి. పేర్చాక "ఎందుకలా పెట్టావు?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో సరిదిద్దొద్దు. పరీక్షలో పదికి పది తెచ్చుకున్నవాళ్లే ఇక్కడ తడబడటం చూస్తారు. "పిరమిడ్ పక్కన ఒంటె ఉంది కాబట్టి పాతది" లాంటి జవాబు వచ్చిందంటే, వరస కుదిరినా విషయం ఎక్కలేదన్నమాట.

సమస్య: పాఠం మొదలుపెట్టగానే ఆవులింతలు

కారణం తెలిసిందే. మొదటి వాక్యంలోనే మూడు పేర్లు, రెండు సంవత్సరాలు. వాటిని వెనక్కి నెట్టి, చేతికి పని చెప్పండి. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లే, వెళ్లింది 120 అడుగులే. మైదానంలో 120 అడుగులు కొలిచి గీత గీయించండి, ఒకరు పరిగెడితే మిగతావాళ్లు 12 లెక్కపెట్టాలి. "ఇంతేనా!" అంటారు. పాఠం అక్కడ మొదలుపెట్టండి.

సమస్య: తేదీలన్నీ వస్తాయి, కాలం మాత్రం తెలియదు

"అమ్మమ్మ చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా?" అని అడుగుతారు. క్లియోపాత్రా, పిరమిడ్ కట్టిన కూలీలు ఒకే ఊళ్లో ఇరుగుపొరుగువాళ్లని నమ్ముతారు. టీచర్ మొదట అనుమానించేది జ్ఞాపకశక్తిని. ఇంకోసారి బట్టీ పట్టిస్తారు. తేదీలు ఇంకా బాగా వస్తాయి, సమస్య అలాగే ఉంటుంది.

నన్ను ఎక్కువసార్లు బోల్తా కొట్టించిన కారణం గోడ మీదే వేలాడుతూ ఉంటుంది. కాలరేఖ చార్టు. ముచ్చటైన రంగుల్లో సమాన దూరంలో పది బొమ్మలు. పిరమిడ్‌కీ క్లియోపాత్రాకీ మధ్య జానెడు, విమానానికీ చంద్రయాత్రకీ మధ్య కూడా జానెడే. మొదటి జానెడులో సుమారు 2,500 ఏళ్లున్నాయి, రెండోదాంట్లో 66. పిల్లలు చార్టు చూసి నేర్చుకున్నది తప్పే, కానీ చార్టు చెప్పిందే నేర్చుకున్నారు. పైగా వరస సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దీనికి తోడు క్రీస్తు పూర్వం అంకెల గొడవ. పిరమిడ్ నాటి క్రీ.పూ. 2560, క్లియోపాత్రా చనిపోయిన క్రీ.పూ. 30 కన్నా పెద్దది, కాబట్టి అదే తర్వాత జరిగిందని పిల్లల లెక్క. గణితం టీచర్ చెప్పింది అదేగా మరి.

పరిష్కారం తాడు. ఐదు మీటర్ల తాడు తీసుకుని, సెంటీమీటరుకు పదేళ్ల చొప్పున లెక్క పెట్టండి. ఒక కొస ఈ రోజు. అక్కడి నుంచి పిల్లల చేతే కొలిపించి, బట్టలకు పెట్టే క్లిప్పులతో బొమ్మలు తగిలించండి. ముందు వాళ్ల వయసు: ఎనిమిదేళ్ల పిల్లకు సెంటీమీటరు కూడా రాదు, గోరు వెడల్పులో అయిపోతుంది. తర్వాత అమ్మ, అమ్మమ్మ. 1969లో చంద్రుడి మీద మనిషి దిగింది ఐదారు సెంటీమీటర్ల దగ్గరే. కొందరి అమ్మమ్మల క్లిప్పు దానికన్నా అవతల పడుతుంది. "అయితే అమ్మమ్మ అప్పటికే పుట్టిందా?" అన్న ప్రశ్న వచ్చిందంటే తాడు పని చేస్తున్నట్టే. విమానం 12 సెంటీమీటర్ల దగ్గర. క్రీ.పూ. 30లో చనిపోయిన క్లియోపాత్రా రెండు మీటర్లు దాటాక. సుమారు క్రీ.పూ. 2560 నాటి మహా పిరమిడ్‌కు నాలుగున్నర మీటర్లు పైనే నడవాలి. క్లియోపాత్రాకు పిరమిడ్ కన్నా చంద్రయాత్రే దగ్గరని అప్పుడు పిల్లలే కనిపెడతారు. మీరు ముందే చెప్పేయకండి.

క్రీస్తు శకం మొదలైన చోట ఎర్ర దారం కట్టండి. దారం నుంచి ఎటు నడిచినా అంకె పెరుగుతుందని నడిపించి చూపిస్తే తికమక తీరుతుంది.

ఇక్కడ కూడా దొంగదెబ్బ ఒకటి ఉంది. గది చాల్లేదని పాత కాలం ఉన్న కొసను చుట్టచుట్టి మూల పెడతారు. అలా చేస్తే మళ్లీ చార్టే. వరండాలోకి వెళ్లండి. డైనోసార్లను మాత్రం తాడు మీద పెట్టకండి. అవి అంతరించి సుమారు 6.6 కోట్ల ఏళ్లయింది, ఈ లెక్కన తాడు 66 కిలోమీటర్లు కావాలి. ఆ లెక్క పిల్లల చేత చేయించండి, అమ్మమ్మ ప్రశ్న మళ్లీ రాదు.

సమస్య: "ఇది నిజమా, కథా?"

మనం రెండూ ఒకే గొంతుతో చెప్పడం వల్ల వచ్చే చిక్కు. పాఠానికి ఒకసారైనా "ఇది మనకెలా తెలిసింది?" అని అడగాలి. ఇటలీలోని పాత రోమన్ పట్టణం పాంపే మంచి ఉదాహరణ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బూడిద కింద పడిన ఊరు తవ్వకాల్లో బయటపడింది, మాడి బొగ్గయిన రొట్టెలతో సహా. దూరం నుంచి చూసిన చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. ఒకటి తవ్వితే దొరికింది, ఒకటి చూసినవాళ్లు రాసింది. చిన్న తరగతులకు ఈ రెండు రకాలు చాలు.

సమస్య: పాతకాలం వాళ్లు తెలివితక్కువవాళ్లని నవ్వడం

సాధారణంగా టీచర్ నవ్వితేనే పిల్లలూ నవ్వుతారు. "వాళ్లకు అప్పుడేం తెలుసు, దాంతో నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడగండి, సర్దుకుంటుంది.

అరుదైనవి

చదవడం రాకపోవడం, చూపు ఆనకపోవడం, వినికిడి లోపం. ఇవి ఉంటే అన్ని పాఠాల్లోనూ కనిపిస్తాయి, చరిత్ర ఒక్కదాంట్లోనే కాదు. తాడు కట్టిన రెండు వారాలకు ఆ నాలుగు బొమ్మలే మళ్లీ పేర్పించండి. అప్పటికీ కుదరకపోతే వీటి సంగతి చూడొచ్చు.